మూడో వరసలో వెల్డా క్రెన్‌షా

వెల్డా క్రెన్‌షా ముప్ఫయ్యొక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. అన్నేళ్లలో ఒక్కసారైనా హారన్ నొక్కిన పాపాన పోలేదు. అద్దం దించి ఒక్క కేక వేస్తే ముందున్న ట్రాక్టరు పక్కకి తప్పుకునేది. రిటైరయ్యాక ఆ గొంతుకి పని లేకుండా పోయింది. భర్త డెల్మర్ పోయి నాలుగేళ్లయింది, ఇంట్లో మిగిలిన పిల్లికి చెవుడు. అందుకని తమ ఊరు హార్లన్ ఫెర్రీలో నది ఒడ్డునున్న బేస్‌బాల్ మైదానంలో మూడో వరసలో సీజను మొత్తానికీ ఒక సీటు తీసుకుంది. సరిగ్గా అవతలి జట్టు కూర్చునే డగౌట్ నెత్తిమీద.

సొంత జట్టు పేరు మస్క్‌రాట్స్, అంటే నీటి ఎలుకలు. ఊళ్లో అందరూ ‘మన ఎలుకలు’ అంటారు. ఆ ఏడాది మే నెల సగానికి వచ్చేసరికి ఎలుకలు ఇరవై నాలుగు ఆటలాడి పంతొమ్మిది ఓడిపోయారు. ఎలా ఓడిపోయారని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఒక రోజు గాల్లోకి లేచిన సులువైన బంతి కింద ఇద్దరు ఫీల్డర్లు నిలబడి, “నువ్వు పట్టు”, “కాదు, నువ్వే పట్టు” అని మర్యాదలు చేసుకుంటుంటే అది ఇద్దరి మధ్యా గడ్డిలో పడింది.

“పెళ్లివిందులో ఆఖరి కేకు ముక్కనుకున్నారా, అంత మొహమాటం!” అని అరిచింది వెల్డా. పక్క సీటులో ఆర్లో భుజాలు కదిలాయి.

ఆర్లో ఆమె పోయిన చెల్లెలి భర్త. మందుల షాపు నడిపి నడిపి మానేసినవాడు. ప్రతి బంతినీ పెన్సిలుతో పుస్తకంలో గుర్తు పెట్టుకుంటాడు. పెదవి విప్పి నవ్వడు. నవ్వుతున్నాడని భుజాలు చూసి తెలుసుకోవాలి.

సొంతవాళ్లని వెల్డా తిట్టడం ముద్దుకోసం. అసలు సరుకంతా అవతలి జట్టుకే దాచేది. అందులో ఆమెకి కొన్ని నియమాలున్నాయి. బూతు మాట రాకూడదు. ఒంటినీ రూపాన్నీ వెక్కిరించకూడదు. చెప్పేది నిజమై ఉండాలి. ఆ నిజాలెక్కడివంటే, సోమవారం పొద్దున్న కాఫీ పెట్టుకుని టెలిఫోను ముందు కూర్చునేది. రాబోయే జట్టులో ఎవరిది ఏ ఊరో చూసుకుని, ఆ ఊరి మంగలి షాపుకో స్కూలు లైబ్రరీకో ఫోను చేసేది. “మీ ఊరి కుర్రాడి గురించి పత్రికలో నాలుగు మంచి ముక్కలు రాద్దామనండీ” అనేది. వెల్డా అంత తియ్యగా మాట్లాడగలదని హార్లన్ ఫెర్రీలో ఎవరికీ తెలియదు.

ఆ మే నెల ఆదివారం మిల్లర్స్ జట్టు వచ్చింది. వాళ్ల తరఫున బంతి విసిరే పిచర్ ట్రెంట్ వోయ్‌చిక్ ఎడమచేతివాటం మనిషి, తాటిచెట్టంత పొడుగు. ఆరు ఇన్నింగ్స్ అయ్యేసరికి ఎలుకల్లో ఒక్కడి బ్యాటుకైనా వాడి బంతి సరిగ్గా తగల్లేదు. మిల్లర్స్ రెండు, ఎలుకలు సున్నా. అప్పటిదాకా వెల్డా వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ నోరు మెదపకుండా కూర్చుంది.

“ఏం వదినా, ఒంట్లో బాగాలేదా?” అన్నాడు ఆర్లో.

“ఏడో ఇన్నింగ్స్ రానీ” అంది వెల్డా.

అంతకుముందు సోమవారం వాడి ఊళ్లో హోటలుకి ఫోను చేస్తే సరాసరి వాడి తల్లే ఎత్తింది. ఆవిడ అక్కడ వంటావిడ. పత్రిక అనగానే మురిసిపోయి ఇరవై నిమిషాలు చెప్పింది. పన్నెండేళ్లప్పుడు చెరువు గట్టున బాతుల మంద తరిమితే వాడు కారు మీదికెక్కి, రెండు గంటలపాటు దిగకుండా ఏడ్చాడట. ఇప్పటికీ పార్కులోకి రమ్మంటే రాడట.

ఏడో ఇన్నింగ్స్‌లో వెల్డా లేచి నిలబడింది. గొంతు పెంచలేదు కూడా. “ట్రెంట్ బాబూ! వెనక నది వైపు చూసుకో నాయనా. వస్తున్నాయ్!” అని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అచ్చం బాతులా కూసింది.

వోయ్‌చిక్ నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు. అక్కడితో అయిపోయింది. వరసగా నలుగురు బ్యాటర్లకి తప్పుడు బంతులే వేశాడు. ఆట నియమం ప్రకారం నలుగురూ ఆడకుండానే బేసుల మీదికి నడిచారు, వెనకవాళ్లు నెట్టగా ముందువాడికి ఒక పరుగు. తర్వాతివాడు కళ్లు మూసుకుని కొట్టినట్టు కొడితే మరో రెండు. మూడు వేల మంది బాతుల్లా కూస్తుండగా ఎలుకలు గెలిచారు. మర్నాడు బేకరీలో వెల్డా చేతికి ఊరికే ఒక యాపిల్ పై పెట్టి పంపించారు.

సంగతి అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. మిల్లర్స్ ఏ ఊరు వెళ్తే ఆ ఊళ్లో బాతుకూతలే. జూలై వచ్చేసరికి వోయ్‌చిక్ బంతి ఎక్కడికి పోతుందో దాన్ని పట్టుకునే కాచర్‌కీ తెలియదు, వాడికీ తెలియదు. మిల్లర్స్ వాడిని వదిలించుకున్నారు. ఎవరికీ అక్కర్లేని పిచర్‌ని తీసుకునే జట్టు ఈ లోకంలో ఒక్కటే ఉంది.

“ఎలుకలు వోయ్‌చిక్‌ని తీసుకున్నారట” అని ఆర్లో పేపరు తెచ్చి వంటింటి బల్లమీద పరిచాడు. “ఇప్పుడేం చేస్తావు వదినా? ఇక మనవాడే.”

వెల్డా రెండుసార్లు చదివింది. “వాడికి నేనెవరో తెలియదులే” అంది.

“మూడో వరసలో ఊదారంగు టోపీ పెట్టుకున్న ఆవిడ ఇంకా వస్తుందా అని అడిగాడట. అదీ రాశారు, చూడు, కింద.”

సొంత జట్టు తరఫున వోయ్‌చిక్ మొదటిసారి బంతి పట్టుకున్నప్పుడు, అలవాటు కొద్దీ సొంత ఊరి జనమే కూయడం మొదలుపెట్టారు. వాడి చెవులు ఎర్రబడటం మూడో వరసదాకా కనిపించింది. వెల్డా లేచి, జనం వైపు తిరిగి, బస్సు గొంతు బయటికి తీసింది.

“నోళ్లు ముయ్యండి! ఓయ్ ప్రెస్టన్, నీకే చెప్తున్నా. రెండో తరగతిలో ఏడో నంబరు సీటు ఎవరు తడిపారో మైకులో చెప్పించమంటావా? లారెట్టా, నువ్వూ ఆపు. నీ సంగతి ఇంకా పెద్దది!”

మైదానంలో సగం మంది ఆమె బస్సెక్కి చదువుకున్నవాళ్లే. అంతా ఒక్క దెబ్బకి చల్లబడ్డారు. అయినా వోయ్‌చిక్ చేతిలోంచి బంతి తిన్నగా రాలేదు. ఆ రోజు తొమ్మిది పరుగుల తేడాతో ఓడిపోయారు. వెల్డా ఇంటికెళ్లి పిల్లితో కూడా మాట్లాడలేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆర్లోకి అవతల ఖాళీ సీటులోకి ఒక దిట్టమైన మనిషి వచ్చి కూర్చుంది. అరవై దాటి ఉంటుంది. ఒళ్లో రేకు కాగితం చుట్టిన గిన్నె.

“ఫోనులో మీ గొంతు ఇంకా మెత్తగా వినిపించిందండీ” అంది వెల్డా వైపు వంగి. “వ్యాసం ఎప్పుడొస్తుంది? రెండు నెలల నుంచి పత్రికలన్నీ తిరగేస్తున్నా.”

వెల్డా ఆ గొంతు గుర్తుపట్టింది. అది వోయ్‌చిక్ తల్లి రొమేనా.

“అమ్మా, నేను...” అంటూ లేచి నిలబడింది. ముప్ఫయ్యొక్క ఏళ్లలో పిల్లల దగ్గర ఎన్ని సాకులు విన్నదో, ఆ క్షణాన ఒక్కటీ జ్ఞాపకం రాలేదు. “తప్పు నాదే. ఆట గెలవాలని చేశాను. వాడి బతుకు మీదికొస్తుందని అనుకోలేదు.”

“వాడు రాత్రిళ్లు ఫోను చేసి, ‘అమ్మా, వాళ్లకెవరు చెప్పారే’ అని అడుగుతున్నాడండీ. చెప్పింది నేనేనని ఏ నోటితో చెప్పను?” అంది రొమేనా. కళ్లలో నీళ్లేమీ లేవు, ఏదో తూకం వేస్తున్నట్టుంది. “సరే, కూర్చోండి. నేనూ ఫోన్లు చేయగలను.”

ఆ చివరి మాటకి అర్థం అయిదో ఇన్నింగ్స్‌లో తెలిసింది. వోయ్‌చిక్ అప్పటికే ఇద్దరిని బేసుల మీదికి నడిపించి, మూడోవాడికీ తప్పుడు బంతులు మొదలుపెట్టాడు. రొమేనా గిన్నె ఆర్లో ఒళ్లో పెట్టి లేచింది. ఆవిడ గొంతూ తక్కువదేమీ కాదు, పాతికేళ్లు వంటింట్లోంచి ఆర్డర్లు అరిచిన గొంతు.

“ట్రెంట్! ఒరేయ్! బాతులా కూసినావిడ ఇదిగో ఇక్కడే ఉంది! మీకందరికీ తెలుసా, ఈవిడ బస్సు లైసెన్సు పరీక్ష మూడుసార్లు తప్పింది! మూడోసారి పోస్టాఫీసు గోడకి గుద్దింది! నాలుగోసారి పరీక్షపెట్టే ఆయన పాసని చెప్పేసి బండి ఆగకముందే దూకేశాడు!”

మైదానమంతా పగలబడి నవ్వింది. వెల్డా బస్సులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పెరిగినవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ప్రెస్టన్ అయితే సీటు మీదికెక్కి టోపీ ఊపాడు. మధ్యలో నిలబడ్డ వోయ్‌చిక్ ముందు తల్లిని చూశాడు, తర్వాత బీట్‌రూట్‌లా ఎర్రబడ్డ వెల్డాని చూశాడు. గ్లవ్ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. అంపైర్ వచ్చి “ఆడతావా, ఇంటికెళ్తావా?” అని అడిగేదాకా నవ్వాడు.

ఆ తర్వాత వేసిన బంతి తిన్నగా వెళ్లి కాచర్ గ్లవ్‌లో పడింది. ఆ వెనకదీ పడింది. ఆ పైదీ అంతే.

వెల్డా సీట్లో వెనక్కి వాలింది. “పరీక్ష సంగతి డెల్మర్‌కి తెలుసు, నా చెల్లెలికి తెలుసు” అంది తనలో తను అనుకుంటున్నట్టు. “ఇద్దరూ పోయారు. ఇక తెలిసినవాడు...”

ఆర్లో పుస్తకంలోకి వీలైనంత కిందికి వంగిపోయాడు. “మొన్న ఫోను చేసి, ఆవిడ పత్రిక నుంచి అని చెప్పింది వదినా” అన్నాడు. “నీ గురించి నాలుగు మంచి ముక్కలు రాస్తానంది. ఎంత తియ్యగా మాట్లాడిందనుకున్నావు!”

అతని భుజాలు ఆగకుండా కదులుతున్నాయి. రొమేనా గిన్నె విప్పి, బంగాళాదుంప కూరి వేయించిన పియెరోగీలు ముందు వెల్డాకే పెట్టింది. వెల్డా అభిమానం చంపుకుని ఒకటి తీసుకుంది. తర్వాత ఇంకో అయిదు తింది.

ఎలుకలు ఆ రోజు గెలిచారు. అంతమాత్రాన సీజను మారిపోయిందని కాదు. ఆగస్టులో మళ్లీ పదకొండు ఆటలు వరసగా పోగొట్టుకున్నారు, పట్టికలో అట్టడుగునే మిగిలారు. కానీ వోయ్‌చిక్ బంతి వేసే రోజున మాత్రం ఇద్దరు ఆడవాళ్లు మూడో వరసలో పక్కపక్కనే ఉండేవారు. రొమేనా రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చేది. వెల్డా నియమాలన్నీ ఆవిడకి నేర్పింది. ఆవిడ మొదటి రెండూ పాటించేది. నిజమై ఉండాలన్న మూడోది మాత్రం మనసుకి పట్టలేదు.

“అది అబద్ధం కదమ్మా!” అనేది వెల్డా. “ఆ అవతలి జట్టువాడికి ముగ్గురు పెళ్లాలు ఉండటమేమిటి?”

“ఉంటే ఎలా ఉంటుందో అని అన్నాను” అనేది రొమేనా.

సెప్టెంబరు మొదటివారంలో ఆఖరి ఆట. వోయ్‌చిక్ తొమ్మిది ఇన్నింగ్సూ వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. ఎలుకలు ఆ ఒక్కటీ కొట్టలేక ఓడిపోయారు. ఆట అయ్యాక ఆనవాయితీ ప్రకారం ఆటగాళ్లు వచ్చి టోపీలు జనంలోకి విసిరారు. వోయ్‌చిక్ కూడా మూడో వరస ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఇటు, ట్రెంటూ! కన్నతల్లిని!” అంది రొమేనా చేతులు చాచి.

“ఇటు బాబూ! సీజనంతా గొంతు చించుకున్నాను!” అంది వెల్డా.

వాడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చూసి చూసి, పెన్సిలు చెవి వెనక దోపుకుని లెక్కలు సరిచూసుకుంటున్న ఆర్లో ఒళ్లోకి విసిరాడు. ఆర్లో దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. చెవులు మునిగిపోయాయి. వెల్డా అడిగినా, రొమేనా అడిగినా వినపడనట్టు మెట్లు దిగి, కారుదాకా అలాగే నడిచాడు.