మారెమ్మ తలుపుకు ప్రైమర్

పొద్దున కృష్ణగిరిలో ఒక కొత్త ఇంటి ముందు కూర్చుని, రంగుకు ముందు కొయ్యకు అడుగుపూతగా కొట్టే వుడ్ ప్రైమర్ డబ్బా మూత లేపాను. టర్పెంటైన్ వాసన గుప్పుమంది. చాలామందికి ఆ వాసన తగిలితే తలనొప్పి వస్తుంది. నాకు మాత్రం హోసూరులో రాయకోట రోడ్డు పక్కన ఉండిన ఒక ఇరుకైన రంగుల అంగడి, అందులో ఎత్తు స్టూలు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న సరోజమ్మ గుర్తుకొస్తారు. ఆమె పోయి కొన్నేళ్ళయింది. అయినా ఆ వాసన వచ్చిన ప్రతిసారీ "ఏమప్పా, కొయ్యను చూసినావా, చుమ్మా ఊరికే డబ్బా తీసినావా?" అని పక్కనుంచి అడిగినట్టే ఉంటుంది.

తరతరాలుగా హోసూరులో వ్యాపారం చేసుకుంటున్న కుటుంబం వాళ్ళది. గల్లా దగ్గర భర్త కూర్చునేవారు, కానీ అంగడి నడిపేది ఈమే. తెలుగులో తిట్టేవారు, తమిళంలో బేరమాడేవారు, కన్నడంలో మర్యాద చేసేవారు. గొర్రెలు కాసుకునే ఇంట్లోంచి వచ్చిన నన్ను పనిలో పెట్టుకుని బ్రష్షు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పించారు. మూడు భాషలూ నా మీద ప్రయోగించారు గానీ, నా వంతుకు ఎక్కువగా తెలుగే వచ్చింది.

అడిగిన సరుకు ఇవ్వకుండా తిప్పి పంపే అంగడి ఎక్కడైనా ఉంటుందా? అది ఉండేది. ఒకసారి కెలవరపల్లి నుంచి ఒకాయన వచ్చి, కిటికీ ఇనుప కమ్మీలకు కొట్టగా బాగుందని, పశువుల కొట్టం తలుపుకు కూడా రెడ్ ఆక్సైడ్ కావాలన్నాడు.

"అది ఇనుముకు కొట్టేదప్పా. కొయ్యకు యాడన్నా తుప్పు పడ్తుందా?" అన్నారు సరోజమ్మ.

"ఎర్రగా ఉంటే చాలు గదమ్మా."

"ఎరుపు పైన కొట్టుకో, ఎవురు వద్దన్నారు? అడుగున మాత్రం కొయ్యకు పట్టేది కొట్టల్ల. ఆ తలుపు మీద వాన యా పక్కనుంచి కొడ్తుంది? ఎండ యెంతసేపు ఉంటుంది? పాత రంగు ఉందా, పచ్చి కొయ్యా? అది చెప్పు ముందు."

ఆయనకు ఒక్కటీ తెలియదు. చూసి రమ్మని పంపేశారు. గల్లా దగ్గర భర్త నిట్టూర్చారు. మరుసటి రోజు ఆ కెలవరపల్లి ఆయన తిరిగి వచ్చి, పరీక్షకు చదువుకొచ్చినవాడిలా జవాబులన్నీ గడగడా అప్పజెప్పాడు. తలుపు కింది అంచుకు మరవకుండా ప్రైమర్ కొట్టమని, నీళ్ళు ముందుగా తాగేది ఆ అంచేనని చెప్పి సరుకు ఇచ్చారు. ఇట్లాంటివి చూస్తూ చూస్తూ నేను పని నేర్చుకున్నాను. పై రంగు చూసేవాళ్ళకోసం, ప్రైమర్ కొయ్యకోసం అన్నది నాకు అట్లా ఒంటబట్టింది.

కొన్నాళ్ళకు నా అంతట నేను పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టాను. నా భార్య గౌరిది సామల్పట్టి దగ్గర ఒక పల్లె. ఆ ఊరి మారెమ్మ గుడి తలుపులకు జాతరలోపు రంగు వేయాలని పెద్దలు అనుకుంటే, మా మామ పట్టుబట్టి ఆ పని నాకు ఇప్పించాడు. అల్లుడి చేతి పని ఊరంతా చూడాలని ఆయన ముచ్చట. నేను నేరుగా సరోజమ్మ దగ్గరికి పోయాను. వాన, ఎండ, పాత రంగు, అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పాను. అప్పుడప్పుడే అంగట్లోకి నీళ్ళు కలిపే ప్రైమర్ వచ్చింది. వాసన తక్కువ, తొందరగా ఆరుతుంది. గుడి పని కదా, ఘాటు వాసన లేకుంటే మేలని ఆమే అది తీసి ఇచ్చారు.

తలుపులు గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, పైన రంగు వేశాను. కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోయాయి. వారం తిరగకముందే బొబ్బలు లేచాయి. వేలితో తాకితే రంగు అరటిపండు తొక్కలా ఊడి వచ్చింది. మళ్ళీ రుద్ది మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఊడింది.

ఇక ఊరు ఊరుకుంటుందా? "అమ్మకు నీ చెయ్యి సరిపోలేదప్పా" అన్నాడు పూజారి మునెప్ప. నిష్ఠ లేకుండా ముట్టుకున్నానని ఒకరు, నీచు తిని వచ్చి బ్రష్షు పట్టానని ఒకరు. జాతరకు ముందు ఇట్లా జరిగితే ఊరికి అరిష్టమని అందరూ. వానలు పడకపోయినా, ఎవరి ఇంట్లో పిల్లకు జ్వరం వచ్చినా ఇకమీదట అది నా తలకే చుట్టుకుంటుందని నాకు అర్థమైంది. మా మామ నాతో మాట మానేశాడు. గౌరి పుట్టింటి గడప తొక్కనంది. "ఆడ నన్ను ఎట్ల చూస్తారో నీకు తెలీదు" అని ఏడ్చింది. నేను పస్తుండి, స్నానం చేసి పని చేసిన మాట నాకు తెలుసు. కానీ అందరూ ఒక మాట మీద ఉంటే, ఏమో, నాలోనే ఏదైనా దోషం ఉందేమోనని నాకే అనుమానం పట్టుకుంది. ఆ భయం మాటల్లో చెప్పలేను.

సరోజమ్మకు సంగతంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. దానికే నాకు మరింత భయం వేసింది. "రేపు ఆ ఊరికి పోదాం పద" అన్నారు.

కృష్ణగిరిలో బస్సు మారి పోయాం. దారంతా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. గుడి ముందు పెద్దలు, ఆడవాళ్ళు గుమిగూడారు. ఆమె చెప్పులు విడిచి, తలుపు దగ్గరికి పోయి, రంగు ఊడినచోట గోటితో గీకి వాసన చూశారు. తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగి అడిగారు.

"ఈ తలుపుకు ఏమి పూస్తారమ్మా?"

"ఆముదం పూస్తాము. ప్రతి శుక్రవారమూ. అమ్మ తలుపు గదా" అందొక ముసలమ్మ.

"యెన్నాళ్ళుగా?"

"మా అత్త పూసింది, వాళ్ళత్త పూసింది."

హోసూరులో గడపకు పసుపు రాస్తారు గానీ, తలుపుకు నూనె పూయడం సరోజమ్మ ఎరగరు. గౌరికేమో అది ఊపిరి తీసుకున్నంత మామూలు. చెప్పవలసిన సంగతని కూడా తోచలేదు. సరోజమ్మ అమ్మవారి ఎదురుగా నిలబడి లెంపలు వేసుకున్నారు. తర్వాత మునెప్ప వైపు తిరిగారు.

"తప్పు నాదప్పా. అమ్మది గాదు, ఈ పిలగానిది గాదు. నీళ్ళ ప్రైమర్ ఇచ్చింది నేను. కొయ్యకు ఏమి పూస్తారని అడగల్ల, అడగలేదు. నూనె తాగిన కొయ్య మీద అది యాడ నిలుస్తుంది? అమ్మకు కోపం వస్తే నా మీద రావల్ల. ఈయప్ప చెయ్యి మంచిదే."

అంగడి నడిపే పెద్దామె, బస్సెక్కి వచ్చి, పరాయి ఊళ్ళో అందరి ముందు ఆ మాట అంటుందని ఎవరనుకుంటారు? నా గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుడి వెనక్కి పోయి ముఖం కడుక్కుని వచ్చాను.

మళ్ళీ పని మొదలుపెట్టాను. రంగంతా గీకేసి, వేడినీళ్ళలో చాకలి సోడా కలిపి తలుపులు తోమాను. కడిగి, ఎండలో ఆరబెట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచాను. సరోజమ్మ చెప్పినట్టు, ఆరిన కొయ్య మీద నీటి చుక్కలు చల్లి చూశాను. చుక్క ముత్యంలా నిలబడితే లోపల ఇంకా నూనె ఉన్నట్టు. మళ్ళీ తోమడమే. చివరికి ఒకనాడు చుక్క కొయ్యలోకి ఇంకిపోయింది. అప్పుడు నీళ్ళది కాకుండా నూనె ప్రైమర్ తీసి, అందులో టర్పెంటైన్ కాస్త ఎక్కువ కలిపి పలుచగా మొదటి పూత, అది బాగా ఆరాక రుద్ది రెండో పూత కొట్టి, పైన రంగు వేశాను. సరోజమ్మ తిరుగు బస్సెక్కేముందే గడప సంగతి అడిగితే, అడ్డంగా తల ఊపారు. "గడపకు ఏ ప్రైమరూ వద్దు. అది ఆడోళ్ళ చేతులది. పసుపూ ఆముదమూ ఆడ పూసుకోనీ. తలుపు నీది." ఊరి ఆడవాళ్ళకూ అదే చెప్పి ఒప్పించారు.

జాతర నాడు సాయంత్రం పెద్ద గాలి లేచి వాన కొట్టింది. నేను గుడి ఎదుట తడుస్తూనే నిలబడ్డాను. తలుపు మీద పడిన నీళ్ళు జారి పోతున్నాయి. ఎక్కడా బొబ్బ లేదు. వాన వెలిశాక మునెప్ప అరచేత్తో తలుపు తడిమి, నా నుదుట కుంకుమ పెట్టాడు. మా మామ దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ, "గౌరిని పిల్చుకోని ఇంటికి రా, అన్నం తిందాం" అన్నాడు. ఆ రాత్రి తిన్న అన్నం రుచి ఇంకా నాలుక మీద ఉంది.

మరుసటి వారం హోసూరు పోయి, తలుపు నిలిచిందని చెప్పాను. సరోజమ్మ స్టూలు మీద నుంచి దిగి, కింద గోనెపట్టా మీద కూలబడి, పెద్దగా నవ్వేశారు.

"బతికినామప్పా! ఆ దినం బస్సులో నాకు కాళ్ళు వణికినాయి. ఊరోళ్ళు కొడ్తారేమో అనుకున్నాను."

నేను ఆశ్చర్యపోయాను. దారంతా ఆమె మౌనం చూసి, ఎంత ధైర్యమో అనుకున్నాను. అది భయమట.

ఇప్పుడు నా దగ్గర నలుగురు పనిచేస్తున్నారు. పనుల్లో తేడాలు వస్తూనే ఉంటాయి. వానకాలం పోయాక రంగు ఊడిందని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. నాకూ కాళ్ళు వణుకుతాయి. వణుకుతూనే బస్సెక్కి పోతాను.