మా కోడలు అడిగిన పావుగంట

మా కోడలు సుజాత తెనాలిలో ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తుంది. రోజూ పదకొండింటికి, మూడింటికి ఎనిమిది నెలల మనవరాలిని తల్లి పాల కోసం నేనే ఆటోలో అక్కడికి తీసుకెళ్తాను. ఈ రోజు మేనేజరు మమ్మల్ని గుమ్మంలోనే ఆపి, బయటికొచ్చిన సుజాతను నిలదీశాడు.

"రోజూ రెండుసార్లు సీటు వదిలేస్తే ఎలాగమ్మా? ఇకనుంచి హాఫ్ డే లీవు వేసేస్తాను."

పావుగంటకు మించి ఒక్కనాడూ పట్టలేదు. గడియారం చూసి పుస్తకంలో రాసుకుంటాను. ఆ మాట నేను అనేలోగా సుజాతే అందుకుంది.

"వెయ్యకూడదండి సార్. బిడ్డకి పదిహేను నెలలొచ్చేదాకా రోజుకి రెండుసార్లు పాలివ్వడానికి వెళ్లొచ్చని చట్టంలోనే ఉందండి. నాకే కాదు, ప్యాకింగు సెక్షన్లో షమీమ్‌కి కూడా, తనకీ చంటిబిడ్డ ఉంది. పాపం, ఆ అమ్మాయి భయపడి అడగట్లేదు."

అతను లోపలికి వెళ్లి ఎవరికో ఫోను చేశాడు. తిరిగొచ్చి, "సరేలేమ్మా, ఇద్దరూ వెళ్లండి" అన్నాడు.

నేను ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. నా పిల్లల పాల కోసం ఒక్కరోజూ నోరు తెరిచి అడగలేకపోయాను. ఇంట్లో నా ఎదుట గొంతు పెంచని పిల్ల ఇద్దరి తరఫునా అడిగింది. రేపు నన్నూ ఎదిరిస్తుందేమో, ఎదిరించనివ్వండి. మీ ఇళ్లలోనూ ఇలా అడిగినవాళ్లుంటే రాయండి, చదవాలని ఉంది.