మా సంఘం వెబ్‌సైటులో మొహాలు

ఫోనులో బనగానపల్లె మామిడి అని వెతికితే మా రైతుల సంఘం కనిపించదు. సొంతానికి ఒక్క మామిడి మొక్క కూడా లేని పట్నం వ్యాపారి మొట్టమొదట కనిపిస్తాడు. ఇది అన్యాయం.

నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మా తోట కాయ గంపలో ఉన్నంతసేపే మాది. మండీ గేటు దాటితే ఎవరి పేరు మీదనో అమ్ముడయ్యేది. ఆ బాధ పడలేకనే చుట్టుపక్కల తోటలవాళ్లం కలిసి సంఘం పెట్టుకున్నాం. తినేవాళ్లకే నేరుగా పంపుదామని వెబ్‌సైటు తెరిచాం. తీరా చూస్తే వెతికేవాళ్లకు మేం దొరకం. కాయ కోతకు వచ్చేలోగా దొరకకపోతే ఈ ఏడు కూడా మండీ దారే.

నేను బడిలో చదివింది తక్కువ. మోటారు పంపుతో వచ్చే పుస్తకాలు, పురుగుమందు డబ్బాల మీది కాగితాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చినవాణ్ణి. అందుకని ఆ వెతికిపెట్టే కంపెనీకి నేనే ఫిర్యాదు రాశాను. ఈ నేలలో మా తాతల నాటి నుంచి బేనిషా, అంటే ఈ బనగానపల్లె మామిడే, కాస్తోందని, మమ్మల్ని కింద పెట్టి అమ్ముకునేవాణ్ణి పైన కూర్చోబెట్టడం ఏం ధర్మమని అడిగాను. జవాబు లేదు. ఇంకా గట్టిగా రాశాను. దానికీ లేదు.

మైదుకూరులో వెబ్‌సైట్లు చేసే ఒకామె ఉందని మా కార్యదర్శి చెబితే బస్సెక్కి వెళ్లాను. వాళ్ల నాయన అక్కడి చర్చిలో పెద్ద, కొద్దిపాటి సేద్యం. ఆమె కడపలో చదువుకుని, మందుల అంగడి పైగదిలో ఆఫీసు పెట్టుకుంది. నేను కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాను.

"ఆ పట్నమోడు దుడ్లిచ్చి ముందర కూర్చున్యాడు పాపా."

"అట్ల ఇచ్చి వేయించుకునే ప్రకటనలు వేరే ఉంటాయి తాతా. వాటి మీద ప్రకటన అని రాసుంటాది. ఈయప్ప ఉత్తగానే పైకొచ్చినాడు."

"ఉత్తగా ఎట్లొస్తాడు? చెట్లు మావి!"

"చెట్లు ఎవురివో తర్వాత చూద్దాం. కిందికి రా, బస్సులు ఆగేకాడికి పోదాం."

సొరుగులోంచి అద్దం పగిలిన పాత ఫోను ఒకటి తీసింది. నీ దగ్గర మంచి ఫోనుంది కదా అంటే నవ్వింది. "నా ఫోన్లో, నా ఆఫీసులో అన్నీ బాగనే తెరుచుకుంటాయి తాతా. కొనేటోళ్లు నా ఆఫీసులో ఉంటారా? వాళ్లు యాడ నిలబడతారో మనమూ ఆడ నిలబడి చూడల్ల." ఈ ఒక్క మాటతో ఆమె మీద నాకు గురి కుదిరింది.

రోడ్డు పక్కన నిలబడి ముందు ఆ వ్యాపారిది తెరిచింది. నేను కళ్లద్దాలు సర్దుకునేలోగా పండు కనిపించింది. కాయ ఎప్పుడు కోస్తారు, ఇంటికొచ్చాక ఎట్లా మాగబెట్టుకోవాలి అని కింద వివరంగా రాసి ఉంది. దాని కింద ఆర్డరు బొత్తాం. ఒప్పుకోవాలంటే కడుపు మండుతుంది గానీ, బాగుంది.

తర్వాత మాది. తెల్లగా ఉంది. ప్రొద్దుటూరు బస్సు వచ్చి, జనాన్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఇంకా తెల్లగానే ఉంది. ఆ తర్వాత పైనుంచి కొంచెం కొంచెంగా మొహాలు దిగడం మొదలైంది.

ఈ మొహాల సంగతి చెప్పాలి. మా వైపు ఏ పని జరిగినా ఫ్లెక్సీ కట్టాల్సిందే. అందులో ఎవరి తల ఎంత ఉండాలి, ఎవరి పక్కన ఎవరుండాలి అన్నదానికి అసలు పనికంటే ఎక్కువ పంచాయితీ అవుతుంది. ఒకసారి మాజీ అధ్యక్షుడి భుజం కోశాధికారి తల వెనక్కు పోయిందని, వాళ్ల వర్గం వాళ్లెవరూ ఆ ఏడంతా మీటింగు గడప తొక్కలేదు. అందుకని వెబ్‌సైటు పెట్టేటప్పుడు కొత్త తగువు ఎందుకని, అందరూ ఒప్పుకున్న వార్షికోత్సవం ఫ్లెక్సీ బొమ్మనే కర్నూలు అచ్చాఫీసు నుంచి తెప్పించి ఉన్నదున్నట్టు అతికించారు. రోడ్డుకు అడ్డంగా కట్టే బొమ్మ అరచేతిలోని ఫోనులోకి రావాలి. బేనిషా గురించి నేను రాసిచ్చిన నాలుగు మాటలు కూడా ఆ ఫ్లెక్సీ అడుగునే ఉన్నాయి.

ఎట్టకేలకు ఆర్డరు బొత్తాం కనిపించింది. నొక్కబోయాను. సరిగ్గా అప్పుడే పైన ఇంకో మొహం దిగింది, బొత్తాం కిందికి జారింది. నా వేలు అధ్యక్షుడి బామ్మర్ది చెంప మీద పడింది. ఆయన ఫోను నిండా పెద్దగా తెరుచుకున్నాడు.

"చూసినావా తాతా? పండు కొనల్లని వచ్చినోడికి బామ్మర్ది దొరికినాడు!"

టీ బంకు దగ్గర నిలబడి ఆమె చెప్పింది. "ఆ వెతికిపెట్టేది ముందు చూసేది ఏం రాసినామనేదే. మీ రాత బొమ్మలో ఉండాది. బొమ్మలో ఉండే అక్షరాలు దానికి సరిగ్గా అందవు. రాతలో ఇద్దరూ సమంగా ఉన్యారనుకో, అప్పుడు ఎవురిది బిరీన తెరుచుకుంటాది, ఎవురిది వేలు పెట్టగానే పలుకుతాది, ఎవురిది జారకుండా ఉన్యకాడ ఉంటాది, అదీ చూస్తాది. జనాల ఫోన్లలో నిజంగా ఎంత ఆలస్యమైతాందో దానికి తెలుస్తాంటాది."

"చెట్టు ఎవురి తాత నాటినాడో అడగదా?"

"అడగదు తాతా."

మా ఊరు చేరేదాకా ఆ మాట నన్ను కాలుస్తూనే ఉంది. చెట్టును అడగకపోవడం తప్పేనని ఇప్పటికీ అంటాను. కానీ ఇంకో సంగతి కూడా తట్టింది. మండీలోనూ ఆఫీసుల్లోనూ నేను చూసినంత కాలం, పెద్దమనిషి మొహం చూసి పని చేశారే గానీ, గేటు బయట ఎండలో నిలబడినవాడికి ఎంతసేపు పట్టిందని ఎవరూ అడగలేదు. బస్టాండులో పాత ఫోను పట్టుకున్నవాడి ఓపికను కూడా లెక్కలోకి తీసుకునేది ఒకటి ఉందంటే, దాన్ని పూర్తిగా తిట్టబుద్ధి కాలేదు.

ఆమె పని చేసిన తీరు ఇంకా గొప్పది. మా తోటకు వచ్చింది. సాళ్ల వెంబడి తిరిగి, ఆకుల నడుమ వేలాడే ఒక్క కాయను ఫోటో తీసింది. పాత ఫోను తడుముకోకుండా తెరిచేదాకా ఆ బొమ్మ బరువు తగ్గిస్తూ పోయింది. ఏ బొమ్మకు ఎంత చోటో ముందే కొలిచి పెట్టింది, బొత్తాం ఇక జారకుండా. నా రాతను అక్షరాలుగా ఎక్కించి, ఇది చాలదు అంది. "మాగిందని పట్నమోళ్లకు ఎట్ల తెలుస్తాది? ఫ్రిజ్జులో పెట్టొచ్చా? నువ్వు చెప్పు, నేను రాసుకుంటా." తొడిమ దగ్గర వాసన గురించి, గడ్డిలో పరిచే పద్ధతి గురించి, అందరికీ తెలుసుననుకుని నేను ఏనాడూ చెప్పనివన్నీ నా చేత చెప్పించింది.

కొత్త పేజీ తయారయ్యాక కార్యదర్శికి చూపించాం. తోటలో, సిగ్నలు సరిగ్గా అందని చోట కూడా చటుక్కున తెరుచుకుంది. ఆయన మొహం వెలిగి, అంతలోనే వాడిపోయింది.

"శానా బాగుండాదమ్మా. మా మొహాలు యాడ?"

"యాడా లేవు సార్."

"ఓర్నాయనో! అధ్యక్షుడు సంఘం ఇడిసి పోతాడు కదమ్మా!"

అది ఉత్త భయం కాదు. ఎక్కువ చెట్లు అధ్యక్షుడివే. ఆయన అలిగి పోతే సగం మంది వెంట పోతారు, సంఘమే ఉండదు. ఆయన్ను అడగకుండా పేజీ మార్చలేం. ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది, మార్చిన మర్నాడే పైకి పోమని, ఆ వెతికిపెట్టేది మళ్లీ చూసి, జనం వచ్చిపోయి, మెల్లగా కదలాలని. అంటే ఆగడానికీ వీల్లేదు. ఎవరు చెబుతారంటే అందరూ నా వైపు చూశారు. అధ్యక్షుడు వరసకు నాకు కొడుకవుతాడు కాబట్టి నేనే ఒక్కొక్క అక్షరం వెతుక్కుని మెసేజి కొట్టాను. "నీ ఫోటో తీసేస్తేనే మన కాయ జనానికి కనపడుతుంది. నువ్వు సరేనంటే అందరూ సరేనంటారు" అని.

ఆయన చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. చెట్ల మీద కాయలు భుజాలు పొంగి కోతకు దగ్గరపడుతున్నాయి. అటు కంపెనీ పలకదు, ఇటు మనవాడూ పలకడు అని ఇంట్లో అందరి మీదా చిరాకు పడ్డాను. ఒక పొద్దున గొంతు మెసేజి వచ్చింది. వెనకాల బస్సుల హారన్లు వినపడుతున్నాయి.

"చిన్నాయనా, నీ మెసేజి ఆ పొద్దే చూసినా. కోపమొచ్చి గమ్మునుండిపోయినా. ఇప్పుడు కర్నూలు బస్టాండులో ఉండా. మా వియ్యంకునికి చూపిద్దామని మన సైటు నేనే తెరిచినా. నా మొగం ముక్కు దాకా వచ్చి నిలిచిపోయె. ఎంతసేపు చూసినా నోరు రాలా. ఆయప్ప నవ్వి, వేరేదాంట్లో కాయలు బుక్ చేసుకున్యాడు, నా ఎదురుగానే! తీసెయ్యమను చిన్నాయనా. నాదే ముందు తీసెయ్యమను, అప్పుడు ఎవురూ నోరెత్తరు. కాయ ఫోటో మాత్రం మా తోటదే పెట్టల్ల, చెప్తాండా."