ముప్పై పడకల రాయి

మా చిన్నప్పుడు... సాయంత్రం బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ గోడకు తగిలించి తాత చెయ్యి పట్టుకునేదాన్ని. "రాయి దాకా పోయొద్దాం పాపా" అనేవాడు తాత. రాయి మా వీధి చివరే ఉండేది. అయినా తాత దారిలో రెండు చోట్ల ఆగి, ఎవరిదో గోడ పట్టుకుని, ఊపిరి కూడదీసుకుంటే గానీ అక్కడికి చేరేవాళ్ళం కాదు...

మాది గూడూరుకు పడమటి వైపు, అభ్రకం గనుల ఊరు. నేను పుట్టేసరికే గనులు మూతబడ్డాయి. ఊరి చుట్టూ తవ్విపోసిన గుట్టలు మిగిలాయి. ఎండ పడితే అవి మెరిసేవి. ఆ మెరుపుల్ని మేం కాకిబంగారం అనేవాళ్ళం. అవ్వ కొంగు మీదా, సంగటి గిన్నె అంచు మీదా కూడా ఆ తళుకులు ఉండేవి.

తాత గనిలో రాయి తొలిచినవాడు. ఆ రాతిపొడి ఛాతీలో పేరుకుపోయిందని, ఇక అది బయటికి రాదని నెల్లూరు పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడట.

మా ఊళ్ళో పేర్లు చెక్కిన రాళ్ళకు కొదవ లేదు. కంపెనీ ఆఫీసు గోడకు, జ్వరంతో పోయిన ఒక దొర పేరిట పాలరాతి పలక. నీళ్ళ ట్యాంకుకు ఒకటి. కప్పు ఎగిరిపోయిన బస్సు షెల్టరుకు ఒకటి... మనుషులతో మాట్లాడాలంటే నాకు సిగ్గు. రాళ్ళతో ఆ ఇబ్బంది లేదు. కనిపించిన ప్రతిదీ చదివేదాన్ని. గని కూలి మనుషులు పోయిన చోట మాత్రం చదవడానికి ఏమీ లేదు. కంపచెట్లు ఉండేవి.

తాత రాయి నల్లరాయి. సిమెంటు దిమ్మె మీద నిలబెట్టారు. గని కార్మికుల కోసం ముప్పై పడకల ఆసుపత్రి అని బంగారు రంగు అక్షరాలు. కింద, ఫలానా మంత్రిగారి కరకమలములచే శంకుస్థాపన చేయబడినదని. దాని వెనక ఆసుపత్రి లేదు... మేకలు మేసే బీడు.

తాత ఆ దిమ్మె మీదే కూర్చునేవాడు. నేను చదివి వినిపించేదాన్ని.

"కరకమలములంటే ఏంది తాతా?"

"చేతులే పాపా."

"మరి గుంత తవ్వింది ఆయనేనా?"

తాతతో గనిలో పనిచేసిన పెంచలయ్య తాత పక్కనే ఉన్నాడు. పడీపడీ నవ్వాడు. "మీ తాతా, నేనూ తవ్వినాం మే! ఆయనొచ్చి తాపీతో ఇట్టా తాకించి, చేతులు కడుక్కోని పోయినాడు. ఆ కమలాలకి నీళ్ళు పోసింది గూడా నేనే."

"మరి మీ పేర్లు లేవే?"

"పేర్లు మనకెందుకు పాపా..." తాత ఆగి, గాలి అందుకున్నాడు. "ఆసుపత్రి రానీ, చాలు. గాలి పెట్టే మిషను ఈడనే ఉంటే నేను నెల్లూరు బస్సు ఎక్కే పనుండదు."

తాతకు కావలసింది అదొక్కటే. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా బస్సులో కిటికీ కమ్మీ పట్టుకుని, నోరు తెరుచుకుని అంత దూరం వెళ్ళేవాడు. ప్రతిసారీ, ఇదే ఆఖరుసారి, వచ్చే ఏటికి మనూళ్ళోనే ఆసుపత్రి అనేవాడు...

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం తాత పెదవులు నల్లబడ్డాయి. బస్సు దాకా ఆగలేక నాన్న ఆటో తెచ్చాడు. గూడూరు దగ్గర రైలు గేటు పడింది. గూడ్సు బండి... పెట్టె వెనక పెట్టె. తాత తల అవ్వ ఒడిలో ఉంది. గేటు లేవగానే ఆటో అతను హారన్ మీద చెయ్యి పెట్టి ముందుకు దూకించాడు.

అవ్వ అతని భుజం తాకింది. "నిదానంగా పోనీ నాయనా. ఇంక తొందరేం లేదు."

ఆ మాటకు అర్థం నాకు నాన్న ఏడ్చాక తెలిసింది.

వానలు మొదలయ్యాక రోడ్డు వెడల్పు చేస్తూ ఆ రాయిని పెకలించి కాలువ పక్కన పడేశారు. దాని కోసం ఎవరూ రాలేదు. తాత సమాధికి రాయి వేయించే స్తోమత మాకు లేదు. మట్టిదిబ్బ మీద కర్ర శిలువ ఉండేది. ఒకరోజు పెంచలయ్య తాత బండి కట్టి ఆ రాయిని మా ఇంటి ముందుకు తెచ్చాడు.

నాన్న భయపడ్డాడు. "సర్కారు రాయి గదా మామా. ఎవరన్నా అడిగితే?"

"అడగనీరా. రాయేదని వాళ్ళడిగితే, ఆసుపత్రేదని మనమడుగుదాం."

వెనక వైపు తాత పేరు చెక్కించారు. సమాధి మీద పరిచేటప్పుడు పాత అక్షరాల వైపు కిందికి పోవాలి. నలుగురు చేతులు వేసి ఎత్తబోతుంటే అవ్వ ఆపింది. ఆమెకు చదువు రాదు.

"ఆ పక్క ఏం రాసుండాదో ఒకసారి చదువు పాపా. మీ తాత రోజూ విన్నది నేనూ వింటా."

పాస్టరుగారూ, జనమూ చూస్తున్నారు. అయినా చదివాను. ముప్పై పడకల... అనేసరికి అవ్వ చెయ్యెత్తింది.

"ముప్పయ్యా..." అంది. "ఒక్కటి చాలునే."

రాయి తిప్పేశారు.

ఇప్పుడు నేను ఇందుకూరుపేట వైపు ఒక బడిలో పనిచేస్తున్నాను. వచ్చేపోయే దారిలో ఈమధ్య కొత్త రాయి ఒకటి లేచింది. ఉప్పుగాలికి దాని పరదా ఇంకా కొట్టుకుంటోంది. చిన్నప్పటిలా ఆగి అక్షరాలు చదవడం లేదు... దాని వెనక ఏమైనా కట్టారా అని చూసి వెళ్ళిపోతున్నాను. మా ఊళ్ళో ఆ బీడులో సెల్‌ఫోను టవరు వచ్చింది. కింద మేకలు అలాగే మేస్తున్నాయి.

మీ ఊళ్ళోనూ ఇలాంటి రాయి ఒకటి ఉండే ఉంటుంది. దాని మీది పేర్లు నాకు వద్దు. ఆ రాయి మీది మాట నిజమవుతుందని ఎదురుచూసిన మనిషి ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, వాళ్ళ పేరు ఇక్కడ, ఈ మాటల కింద రాయండి...

మొదట నేను రాస్తాను. మా తాత పేరు దేవసహాయం.