జీడి నూనె పూసిన బూట్లు

ఆ రోజుల్లో మా ఉద్దానంలో బూట్లు తొడిగేవాళ్ళు రెండు రకాలే. మిలట్రీ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు, పెళ్ళిపీటల దాకా నడిచే పెళ్ళికొడుకులు. మిగతా అందరం ఇసకలో పుట్టి ఇసకలో పెరిగినవాళ్ళం, మాకు చెప్పులే ఎక్కువ. నేను చెప్పులు చేత్తో పట్టుకుని కొబ్బరితోటల మధ్య ఇసక దారంతా నడిచి, పూండి స్టేషన్ దగ్గర కాళ్ళు దులుపుకుని, అవి తొడుక్కుని, రైలెక్కి పలాస కాలేజీకి పోయేదాన్ని. (సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ విప్పేదాన్ని. ఆ లెక్కన నా చెప్పులు నాకంటే సుఖపడ్డాయి.) అటువంటి నాకు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మంచులో నడిచే బూట్లు కావలసి వచ్చాయి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ అప్పుడు అది నాకు చావు బతుకుల సమస్య.

జరిగిందేమిటంటే, చలికాలం సెలవుల్లో హిమాలయాల్లో పది రోజులు మంచు మీద నడిచే క్యాంపుకి మా కాలేజీ నుంచి నలుగురిని పంపుతామన్నారు. పరుగులో బాగున్నానని మా గేమ్స్ మాస్టారు నా పేరు కూడా రాశారు. నలుగురిలో ఆడపిల్లని నేనొక్కదాన్నే. అప్పటికి నేను చూసిన ప్రపంచం ఇటు పలాస, అటు టెక్కలి, ఒకే ఒక్కసారి కళ్ళ డాక్టరు కోసం విశాఖపట్నం. మంచు అంటే మా మావయ్య చెప్పిన కథలే. మాస్టారు ఒక జాబితా ఇచ్చారు. అందులో మొదటిదే నీరు చొరబడని, చీలమండ దాటి పైకి వచ్చే బూట్లు. దాంతోపాటు ఇంకోమాట కూడా చెప్పారు. "రైలెక్కడానికి రెండు రోజుల ముందు అందరికీ ఆ బూట్లతోనే నడక పరీక్ష పెడతాను. కాలి మీద ఒక్క పొక్కు కనిపించినా రైలెక్కనివ్వను." ఆ మాట విన్నప్పటినుంచి రోజూ పడుకునేముందు నా కాళ్ళు నేనే చూసుకునేదాన్ని.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, మిలట్రీలో పదిహేడేళ్ళు చేసి, అందులో సగం మంచుకొండల్లోనే గడిపి వచ్చిన మనిషి. ఊళ్ళో మిలట్రీవాళ్ళకి కొదవ లేదు, ఇంటికొకరున్నారు. కానీ బూట్ల సంగతి వస్తే మాత్రం అందరూ ఆయన వైపే చూసేవారు. మా అమ్మ "ఆడగుంటకి కొండలేటి, మంచేటి, ఏటైనా అయితే ఎవులికి సెప్పుకోవాల?" అని ముక్కు చీదుతుంటే, మావయ్య వచ్చి అరుగు మీద దినపత్రిక పరిచి, నన్ను దాని మీద నిలబెట్టి, పెన్సిల్‌తో నా రెండు పాదాల చుట్టూ గీత గీశాడు. గీసి, కాసేపు తలొంచి చూసి, "సూసినావా అప్పా, దీని కాళ్ళు కవలలు కావు. అక్కా సెల్లెళ్ళు. కుడిది పెద్దది. పెద్దదానికి సరిపడా కొనాల" అన్నాడు అమ్మతో. (మా వైపు అక్కని అప్ప అంటాం.) అమ్మ ఏడుపు ఆపి వచ్చి చూసింది. పద్దెనిమిదేళ్ళుగా నన్ను పెంచింది కానీ ఆ తేడా ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

పలాసలో చెప్పుల షాపుకి పొద్దున్నే పోదామంటే మావయ్య ఒప్పుకోలేదు. "పొద్దున్న కాలు సిన్నగుంటాది. మజ్జానం దాకా నడిసి, వాసినాక కొలవాల" అని మిట్టమధ్యాహ్నం దాకా నన్ను జీడితోటల చుట్టూ తిప్పి, అప్పుడు తీసుకెళ్ళాడు. వెంట తన ట్రంకుపెట్టెలోంచి రెండు జతల ఊలు మేజోళ్ళు తెచ్చాడు. ఆ ఎండలో అవి రెండూ ఒకదాని మీద ఒకటి తొడిగించాడు. షావుకారు తెల్లటి ఆటల బూట్లు చూపించాడు. మావయ్య వాటిని రెండు వేళ్ళతో పట్టుకుని ఎలకని పట్టుకున్నట్టు పక్కన పెట్టాడు. పొలంలో తొడిగే రబ్బరు బూట్లు చూపిస్తే "ఇందులో దాని సెమటే దానికి సెరువైపోద్ది" అన్నాడు. ముందు ఇనప తొడుగున్న ఫ్యాక్టరీ బూట్లు చూపిస్తే "మంచులో ఇనుము ఏలు కొరికేత్తాది" అన్నాడు. చివరికి షావుకారు నిచ్చెనెక్కి, అటక మీంచి దుమ్ము పట్టిన పెట్టె దించాడు. ఎవరో తెప్పించమని అడిగి తీసుకోకుండా పోయిన బూట్లట. గోధుమ రంగు, దళసరి తోలు, చీలమండ దాటి జానెడు పైకి తాళ్ళు. మావయ్య వాసన చూశాడు. లోపల చెయ్యి పెట్టి కుట్టు తడిమాడు. నా మడమ వెనక వేలు దూర్చాడు. "గోడని తన్ను" అన్నాడు. తన్నాను. షావుకారు గోడ మీద దేవుడి పటం ఊగింది. "ఏలు తగిలిందా?" "నేదు మావా." "అయితే పద."

పద అంటే ఇంటికి కాదు, రైల్వేస్టేషన్ కి. దిగుడు మీద నడిస్తేకానీ బూటు అసలు గుణం తెలియదట. కొననైనా కొనని బూట్లతో మమ్మల్ని పంపడానికి షావుకారుకి ధైర్యం చాలక, షాపు తాళం వేసి మా వెంటే వచ్చాడు. వీపున పది కిలోల బియ్యం మూటతో, కాళ్ళకి బూట్లతో, పైన ఓణీతో నేను స్టేషన్ వంతెన మెట్లు ఎక్కడం, దిగడం. కింద మావయ్య లెక్క. పక్కన షావుకారు నా అడుగులకేసి చూస్తూ "మెల్లిగమ్మా, మెల్లిగ" అని ప్రార్థన. ఆటోవాళ్ళు గుమిగూడారు. "ఏటి మావా, పాపకి కూలీ పని దొరికినాదేటి?" అని ఒకడంటే, "హిమాలయాలకెల్తంది. నువ్వు పక్కనున్న కాశీబుగ్గ దాటి ఎల్లినావేటి ఎప్పుడైనా?" అని మావయ్య గర్జించాడు. ఎనిమిదోసారి దిగాక నా వేళ్ళు ముందుకి జారలేదని తేలింది. షావుకారు మా అందరికంటే ఎక్కువ సంతోషించి, ముగ్గురికీ టీలు చెప్పాడు.

ఇంటికొచ్చాక మావయ్య ఒకే ఒక్క హెచ్చరిక చేశాడు. "తోలుకి నీళ్ళు దిగకుండా తేనెమైనం పట్టించాల. కోటబొమ్మాళి సంతకెల్లి తెత్తాను. నానొచ్చేదాకా బూట్లు ముట్టుకోకు." సంతకి ఇంకా నాలుగు రోజులుంది. నాకా, ఆగే గుణం లేదు. పైగా ప్రతిదీ మావయ్యే చేస్తే నా తెలివి ఎప్పుడు బయటపడాలి? సముద్రం ఒడ్డున పడవల అడుక్కి జీడి నూనె పూయడం చిన్నప్పటినుంచి చూస్తున్నదాన్ని. మా ఇంటి దూలాలకి చెదపట్టకుండా పూసేదీ అదే. ఏళ్ళ తరబడి సముద్రాన్ని ఆపే నూనె పిసరంత మంచుని ఆపదా? జీడిపిక్కలు కాల్చే బట్టీలో పనిచేసే పక్కింటి అప్ప దగ్గరికి సీసా పట్టుకుని పోయాను. "ఏటి సేత్తావే ఇది?" అంది. "తలుపుకి" అన్నాను. (తొక్కలోంచి కారే ఆ నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుందని ఉద్దానంలో పాకే పిల్లకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ నేను పూసేది బూటుకి కదా, ఒంటికి కాదు కదా! డిగ్రీ చదివే బుర్ర.) కొబ్బరి పీచుతో మూడు పూతలు పూసి, రెండు రోజులు ఎండబెట్టాను. అబ్బ, ఏం నిగనిగలాడాయి! నల్లగా, గట్టిగా, నీళ్ళు పోస్తే ముత్యాల్లా జారిపోయాయి. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడోరోజు పొద్దున్న అవి తొడుక్కుని, మా ఊరినించి పూండి దాకా, అక్కణ్ణించి వెనక్కి నడక మొదలుపెట్టాను. పూండి చేరేసరికి కాళ్ళు వెచ్చగా అయ్యాయి. ఆహా, మంచులో నడిచే బూట్లంటే ఇలా వెచ్చగా ఉంచాలి కదా అని మురిసిపోయాను. తిరుగుదారిలో వెచ్చదనం కాస్తా వేడయింది. బూట్లు మరీ శ్రద్ధగా పనిచేస్తున్నాయనుకున్నాను. చివరి మైలు పళ్ళు బిగించి నడిచాను, ఆగితే మళ్ళీ అడుగు పడదని తెలుసు. అరుగు మీద కూర్చుని బూట్లు లాగేసరికి, చెమటకి కరిగి కుట్లలోంచి దిగిన నూనె మేజోళ్ళు తడిపేసి ఉంది. మడమలూ, వేళ్ళూ, చీలమండలూ అంతా బొబ్బలు. "ఓలమ్మో, ఓలమ్మో, గుంట కాళ్ళు కాలిపోనాయి!" అని అమ్మ వీధి వీధంతా వినబడేలా అరిచింది. సరిగ్గా అప్పుడే మావయ్య సైకిల్ దిగాడు. చేతిలో కాగితం పొట్లం, అందులో తేనెమైనం.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. బూటు ఎత్తి వాసన చూశాడు, అర్థమైపోయింది. కాళ్ళు సబ్బుతో పదిసార్లు కడిగించి, కొబ్బరినూనె గిన్నె తెచ్చుకుని నా ముందు కింద కూర్చున్నాడు. ఒక్కో వేలికీ రాస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎక్కడ మండడం మొదలైనాది?"

"పూండి కాడ."

"మరి ఆగినావా, నడిసినావా?"

"నడిసినాను మావా."

"ఇంటిదాకా?"

"ఇంటిదాకా."

అప్పుడు తలెత్తి చూశాడు. "సేసింది బుర్ర తక్కువ పని. నడిసింది మాత్రం జవాను నడక" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపు కట్టలు తెంచుకుంది. నడక పరీక్షకి పద్దెనిమిది రోజులే ఉంది. కాళ్ళు మానినా, ఆ బూట్లు ఇక పనికిరావు. అలాంటివి పలాసలో ఇంకో జత లేవు. హిమాలయాలు నా కళ్ళముందే జీడి నూనెలో మునిగిపోయాయి.

మర్నాటినుంచి మావయ్య పొద్దున్నే సైకిలెక్కి పోవడం, చీకటిపడేవేళకి రావడం. ఎక్కడికెళ్తున్నావంటే చెప్పేవాడు కాదు. తర్వాత తెలిసింది. ఉద్దానం ఊళ్ళన్నీ తిరిగి, సెలవు మీద వచ్చిన ప్రతి జవాను ఇంటికీ వెళ్ళి, మంచు బూట్లున్నాయా, ఎంత కొలత అని అడిగాడట. జేబులో నా పాదాల గీతలున్న దినపత్రిక ముక్క. పెద్ద పెద్ద కాళ్ళ జవాన్లు చాలామందే దొరికారు. ఆరోరోజున మందస వైపు ఒక ఊళ్ళో, పొట్టివాడని బెటాలియనంతా ఏడిపించే ఒక కుర్ర జవాను దొరికాడు. సొంతానికి కొనుక్కున్న మంచు బూట్లు పెట్టెలోంచి తీసి ఇచ్చి, "మేనకోడలు తిరిగొచ్చినాక ఇద్దువులే మావా" అన్నాడట. అవి నాకు పిసరంత వదులు. మావయ్య పాత రగ్గు ముక్క కోసి అడుగున పరిచాడు. మైనం పూయడం నాతోనే చేయించాడు, పక్కనే కూర్చుని. నడక పరీక్ష రోజు మాస్టారు నా కాళ్ళు తిప్పి తిప్పి చూశారు. లేత చర్మం మెరుస్తోంది కానీ, పొక్కన్నది లేదు. "ఏం రాస్తావమ్మా కాళ్ళకి?" అని అడిగారు. కొబ్బరినూనె అన్నాను. సగం నిజమే కదా.

మంచు ఎలా ఉందో వర్ణించడం నా చేత కాదు. మొదటిరోజు అందులో కాలు పెట్టినప్పుడు మా ఇసకే గుర్తొచ్చింది, అడుగు దిగబడిపోతుంటే. నగరాల నుంచి ఖరీదైన బూట్లతో వచ్చినవాళ్ళలో ఇద్దరికి మూడోరోజుకే కాళ్ళు పొక్కి వెనక్కి పంపేశారు. నేను పది రోజులూ నడిచాను. ఒక్క చుక్క నీరు లోపలికి రాలేదు. ఆఖరి కనుమ మీద నిలబడి, అంతెత్తున, ఎవరూ చూడకుండా వంగి ఆ బూట్లకి దణ్ణం పెట్టుకున్నాను. పెట్టుకుంది బూట్లకి కాదని మీకు చెప్పక్కర్లేదు.

పలాసలో రైలు దిగేసరికి మావయ్య ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. బయటికి రాగానే ఆటోవాళ్ళు "జీడిబూట్ల మావా, కోడలొచ్చేసినాదా!" అని కేకలు. నాకర్థం కాలేదు. ఆటో ఎక్కాక ఒక్కొక్కటీ తెలిసింది. ఆ ఆరు రోజులూ ప్రతి గడపలోనూ, "కొత్త బూట్లకి తెలివితక్కువగా జీడి నూనె నానే పూసినాను, గుంట కాళ్ళు కాల్సేసినాను" అని చెప్పుకున్నాడట. పదిహేడేళ్ళ మంచు అనుభవం ఉన్న మనిషి! ఊరూరా పగలబడి నవ్వారట. "ఎందుకు మావా అలగ సెప్పినావు?" అంటే, ఆటో చప్పుడులో గట్టిగా అరిచి చెప్పాడు. "నువ్వు సేసినావంటే, ఆడగుంటకి కొండలేటి అంటారు. బూట్లూ ఇవ్వరు. రేపు ఇంకో గుంటని పంపమంటే నీ కాళ్ళే సూపిత్తారు. నాకేటి? నానెలాగా మంచుకొండలు దిగి వచ్చేసినోడినే కదా."

ఆరోజు నోరు విప్పి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. సిగ్గు, కొంచెం భయం, ఆపైన ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. ఆ పేరు మాత్రం మావయ్యకి అతుక్కుపోయింది. మొన్న టెక్కలిలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, ముప్ఫయ్యేళ్ళ కుర్రాడొకడు ఆ కథనే కొత్త కల్పనలు జోడించి చెబుతుంటే పంక్తంతా నవ్వింది. (వాడి కథలో మావయ్య బూట్లలోపల కూడా పూశాడు.) ఇక ఆగలేక విస్తరి ముందు నిలబడి, "ఆ నూనె పూసింది నాను! మావయ్య కాదు, నాను!" అని అరిచాను. పక్కనున్న ముసలమ్మ నా భుజం నిమిరి, "ఎంత మంచి కోడలమ్మా, మావ పరువు కోసం తప్పు తన మీదేసుకుంటంది!" అంది. అందరూ తలూపారు. రెండు వరసల అవతల మావయ్య తలొంచుకుని పప్పన్నం కలుపుకుంటున్నాడు. భుజాలు మాత్రం నవ్వుతో కదిలిపోతున్నాయి. ఇక చేసేది లేక నేనూ కూర్చుని, నాది కాని మంచిపేరుని ఇంకోసారి తీసుకుని, అన్నం తిన్నాను.