నున్నని గోడకు గీసిన బాణం

మా మెకానిక్స్ సారు పోయారు. మొన్న పొద్దున చేవెళ్లలో పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని చాయ్ తెమ్మన్నారట. చాయ్ వచ్చేసరికి మనిషి లేరు. క్లాస్ గ్రూపులో ఆ వార్త చదివినప్పుడు నేను పనిచేసే సైట్‌లో ఉన్నాను. ఫోన్ జేబులో పెట్టి, స్లాబు కింద నిలబెట్టిన సపోర్టులను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. అది ఆయన పెట్టిన అలవాటే.

మొయినాబాద్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో సారు మొదటి ఏడాది పిల్లలకు ఏళ్ల తరబడి ఒకటే సంగతి చెప్పారు: కదలని వస్తువు ఎందుకు కదలడం లేదు? బోర్డు మీద ముందు ఆ వస్తువును ఒంటరిగా గీయించేవారు. నేల, గోడ, తాడు అన్నీ తీసేయాలి. అవి తాకిన ప్రతిచోటా బలానికి గుర్తుగా ఒక బాణం పెట్టాలి. అదే ఫ్రీ బాడీ డయాగ్రం. బొమ్మ లేకపోతే జవాబు సరిగ్గా వచ్చినా సున్నానే. నేల పైకి నెట్టే బాణం మరిచిపోతే ఎర్రసిరాతో ఒకటే ప్రశ్న రాసేవారు: "ఇది దేని మీద నిలబడ్డది?" తాడు పక్కన బాణం తిరగేసి గీస్తే మాత్రం సుద్దముక్క విసిరేవారు. "తాడు గుంజుతది గని నూకుతదా?" ఆయన గురి ఎంత గొప్పదంటే, అది ఎప్పుడూ ఏ పాపం ఎరగనివాడికే తగిలేది.

"కదులుతలేదంటే ఖాళీగ ఉన్నట్టు గాదు" అనేవారు. "మా ఇంట్ల ఐదుగురు అన్నదమ్ములం. తలా ఓ పార్టీ. ఎవడు గుంజేది వాడు గుంజుతడు. అందుకే ఇల్లు ఇంకా నిలబడి ఉన్నది." మేం నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవారు కాదు.

ఒక పరీక్షలో గోడకు ఆనించిన నిచ్చెన లెక్క ఇచ్చారు. గోడ నున్ననిది, నేల గరుకుది అని ప్రశ్నలోనే ఉంది. నేను నిచ్చెన పై కొసన కూడా ఘర్షణ బాణం గీశాను. సారు నన్ను స్టాఫ్ రూముకు పిలిచారు.

"నున్నటి గోడ అని రాసి ఉన్నది గద బిడ్డా. ఈ బాణం ఎక్కడికెల్లి వచ్చింది?"

మాది మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరు. మా బాపు ఫామ్‌హౌజ్‌లకు రంగులు వేస్తాడు. కాలేజీలో మాత్రం కాంట్రాక్టర్ అని చెప్పుకున్నాను. రంగు మరకల చేతులను ఒక్క మాటతో కడిగేశాను. ఇప్పుడా బాణం నన్ను పట్టించింది. చివరికి నెమ్మదిగా చెప్పాను: "మా బాపు నిచ్చెనకు పైన గోనె కడ్తడు సార్. గట్ల కట్టినంక గోడ మీద జారదు."

సారు నా బొమ్మలోని బాణాలను వేలితో లెక్కపెట్టారు. "అది గూడ పెడితే తెలవని బలాలు నాలుగైతయి. మనకాడ ఉన్న సమీకరణాలు మూడే. ఎట్ల తేలుస్తవ్?" మార్కులు ఇవ్వలేదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ కొంచెం కోపమే.

కానీ ఆదివారం నాడు షేర్ ఆటో దిగి మా ఇంటికి వచ్చారు. బాపు కుర్చీ తుడిచి వేస్తే కూర్చోకుండా నిచ్చెన చుట్టూ తిరిగారు.

"అన్నా, పైన గోనె ఎందుకు కడ్తరు?"

"గోడకు గీతలు పడొద్దని సారు. ఇగ జారదు గూడ. కింద తడిగోనె ఏస్తం. మార్బుల్ మీద పొడి గోనె ఏస్తే అదే జారుతది. అయినా నమ్మకం లేకుంటే కింద మనిషి తొక్కిపట్టాలె."

"ఎప్పుడు తొక్కిపట్టాలె?"

"పైనోడు ఎంత మీదికి పోతే అంత గట్టిగ."

సారు నా వైపు తిరిగారు. "ఇన్నవా? పేజీ నిండ లెక్క చేసి మనం తేల్చేది ఇదే."

పోతూ పోతూ ఆటో దగ్గర అడిగారు. "రేపు క్లాసుల ఈ లెక్క ఇస్త. మీ బాపు పేరు చెప్పనా?" నేను తల అడ్డంగా ఊపాను. ఆయన ముఖం చిట్లించలేదు. "సరే. నువ్వు చెప్పేనాడు చెప్పు" అన్నారు.

మర్నాడు గోనె కట్టిన నిచ్చెన బోర్డెక్కింది. రెండు కొసలూ ఒక్కసారే జారబోయే క్షణాన్ని తీసుకుంటే లెక్క తేలుతుందని చేసి చూపించారు. "ఇది హిమాయత్‌నగర్ల ఒక పెద్దమనిషి నాకు నేర్పిండు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఆయన మా బాపేనని చేయెత్తి చెప్పాల్సింది. చెప్పలేదు. కాలేజీ అయిపోయాక కూడా, ఒకసారి చేవెళ్ల పోయి సారు ముందు ఆ మాట అనాలని అనుకుంటూనే ఉన్నాను.

వార్త చెప్పగానే బాపు చేతిలోని బ్రష్ పక్కన పెట్టాడు. "గోనె గురించి అడిగిన సారేనా? నేను గూడ వస్త" అని వెంట వచ్చాడు.

సారు ఇంటి ముందు టెంటు వేస్తున్నారు. వరండాలో నున్నని బండల మీద నిచ్చెన వేసి ఒకతను తాడు కట్టడానికి ఎక్కుతున్నాడు. కింద ఎవరూ లేరు. బాపు గుంపులోంచి లేచి, ఎక్కడో గోనెసంచి వెతికి, నల్లా కింద తడిపి తెచ్చాడు. పైనున్న మనిషిని దింపి, గోనె పరిచి, నిచ్చెన సరిచేసి, దాని ఒక కాలును తొక్కిపట్టి నిలబడ్డాడు. ఆ మనిషి మళ్లీ ఎక్కసాగాడు.

నా పక్కనున్న క్లాస్‌మేట్ మెల్లగా అడిగాడు. "టెంటోళ్ల మనిషా?"

"కాదు. మా బాపు. ఫామ్‌హౌజ్‌లకు రంగులేస్తడు. సారుకు ఆ నిచ్చెన లెక్క చెప్పింది ఈయనే."

గట్టిగానే చెప్పాను. నలుగురు తిరిగి చూశారు. వినాల్సిన మనిషి మాత్రం లోపల పడుకుని ఉన్నారు.

నేను పోయి నిచ్చెన రెండో కాలును తొక్కిపట్టాను. బాపు కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. తడిగోనె నీళ్లు నా చెప్పులోకి వచ్చాయి. పైన మనిషి ఇంకో మెట్టెక్కాడు. నిచ్చెన కదల్లేదు.