సత్యక్క లేకపోయినా నడిచే కోడ్

నిన్న సాల్ట్ లేక్ వెళ్లే ఆఫీసు బస్సులో నా వెనక సీటులోంచి ఒక ఆడగొంతు ఫోనులో, "ఏటి, ఇంకా బయల్దేరలేదా?" అంది. ఆ "ఏటి" చెవిన పడింది. ఆవిడ కాదని తెలుసు, తెలిసి కూడా వెనక్కి తిరిగి చూశాను. ఎవరో కాలేజీ పిల్ల. కలకత్తాలో ఆ మాటను అలా సాగదీసి నాతో పలికిన మనిషి ఒక్కరే, మా సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు సత్యవతి గారు. ఆవిడ పోయాక ఇది రెండో వర్షాకాలం.

ఆవిడ పుట్టి పెరిగింది కలకత్తా పక్కనే ఉన్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో. తాతలు తెచ్చిన శ్రీకాకుళం యాస, వీధిలో అబ్బిన బెంగాలీ, రెండూ ఆవిడ నోట సమంగా ఆడేవి. తెలుగు చదవడం మాత్రం కూడబలుక్కునే. ఆఫీసులో అందరూ బెంగాలీలో సత్యా దీ, అంటే సత్యక్క, అనేవారు. హనుమకొండ నుంచి వచ్చి, ఊరు తెలియక, భాష రాక బిక్కుబిక్కుమంటూ తిరిగిన నేను మొదటి వారంలోనే అక్కా అనేశాను. "అక్కేటే, మీ అమ్మ వయసు నాది," అంది. మళ్లీ ఎప్పుడూ కాదనలేదు.

అప్పట్లో మేము మెటియాబ్రుజ్‌లోని బట్టలు కుట్టే కార్ఖానాల కోసం ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేస్తున్నాం. వచ్చిన ఆర్డర్లు తెర మీద కనిపించాలి, కుట్టడం పూర్తయిన సరుకు అందులో నమోదు కావాలి. తెర మీది ప్రతి ముక్కకూ సమాచారం కావాలి కదా. దాన్ని సర్వరు నుంచి తెచ్చే కోడ్‌ను ఆ ముక్క తనలోనే పెట్టుకోవాలా, లేక బయటి నుంచి అందించాలా అన్నది మా తగువు. బయటి నుంచి అందించే పద్ధతికే డిపెండెన్సీ ఇంజెక్షన్ అని పేరు. నాకది ఉత్త చాదస్తంగా తోచేది. తెర మీది పనికి ఇంత తతంగం ఎందుకని గట్టిగానే వాదించాను. అక్క ఎదురు వాదించలేదు, నన్ను వెంటబెట్టుకుని మెటియాబ్రుజ్ తీసుకెళ్లింది.

అక్కడ ఒక కార్ఖానాలోని ఇరుకు గదిలో, మిషన్ల చప్పుడులో, నా చెవి దగ్గరకు వంగి ఒక దర్జీని చూపించింది. "దారం కోసం ఆయన బజారుకి వెళ్తన్నాడేటి? మిషను మీద ఏ రీలు పెడితే దాంతో కుడతన్నాడు. రీలు మారితే కుట్టీవాడు మారక్కర్లేదు." కాసేపటికి నెట్‌వర్క్ పోయింది. కార్ఖానా యజమానికి నేను గొప్పగా చూపిస్తున్న తెర ఖాళీగా నిలబడిపోయింది. ఆయన మర్యాదగా టీ తెప్పించాడు. అక్క నా వంక చూడకుండా తాగింది, అదే నయం.

అయినా తన మాటే నెగ్గాలని ఆవిడ అనుకోలేదు. ఏదైనా తేల్చాలంటే ఆవిడకో పద్ధతి ఉండేది. ఒకే తెరను రెండు విధాలా రాయించేది. తర్వాత రాసినవాళ్లు కాకుండా వేరొకరు అందులో ఏదో ఒక మార్పు చెయ్యాలి. రాసినవాళ్లు పక్కనే కూర్చోవాలి గానీ నోరు మెదపకూడదు. మెదిపితే అందరికీ సింఘాడాలు, అంటే అక్కడి సమోసాలు, తెప్పించాలి. నా నోటి పుణ్యమా అని ఆఫీసంతా సింఘాడాలు తెగ తిన్నది.

ఈసారి మార్పు, నెట్‌వర్క్ లేనప్పుడు సమాచారాన్ని ఫోనులోనే దాచుకోవడం. అది చెయ్యడానికి మా జట్టులోని అనిర్బాన్ కూర్చున్నాడు. నేను రాసిన దాంట్లో ముక్కముక్కనూ విప్పి చూసుకుంటూ నానా తిప్పలు పడ్డాడు. అక్క రాసిన దాంట్లో సమాచారం తెచ్చే కోడ్ ఒక్కటే మార్చి ఇచ్చాడు, తెర ముక్కలను ముట్టుకోనేలేదు. కానీ ఏది ఎక్కడి నుంచి వచ్చి చేరుతోందో తెలియక అతను అందులోనూ చాలాసేపు తికమకపడ్డాడు. అక్క కిక్కురుమనకుండా అంతా చూసింది. అయ్యాక నాతో, "అన్నిటికీ వద్దులే," అంది. "మారీవి, ఆగిపోయీవి బయట్నించి ఇద్దాం. తేదీ చూపించడం లాంటి చిన్న పనులు దేనికది చేసుకోనీ. కొత్తగా వచ్చినోళ్లు కోడ్‌లో దారి తప్పిపోకూడదు కదే." అలాగే రాశాం.

వారంలో కొన్ని రోజులు ఆవిడ ఆఫీసుకు వచ్చేది కాదు. డయాలసిస్ అని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకనాడు నేనూ వెంట వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. "నా కిడ్నీలు చేసీ పని ఈ మిషను చేస్తంది. పని జరిగితే చాలు, ఎవరు చేసినా ఒంటికి ఒకటే," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"నన్ను అడిగితే గానీ నడవని కోడ్ ఒక్కటీ మిగలకూడదే. అది చూసీ వెళ్తాను," అంది మళ్లీ.

"యాడికి పోతరు అక్కా?"

"తిన్నావా లేదా నువ్వు?" అంది.

తర్వాతి నెలలన్నీ అదే పనిగా పెట్టుకుంది. తను రాసిన ప్రతిదాన్నీ మా చేత మార్పించి, పక్కన నోరు మూసుకుని కూర్చుంది. ఆవిడ పోయిన కొన్నాళ్లకే మా అప్లికేషన్ వెనక ఉన్న సర్వరు మొత్తం మార్చాల్సి వచ్చింది. అక్క స్థానంలో వచ్చినాయన మంచివాడు, పని తెలిసినవాడు. ఆ మార్పు ఒక్క రోజులో, చిన్న ఆటంకం కూడా లేకుండా అయిపోయింది. "సత్యా దీ ఉంటేనా" అని ఎవరూ అనలేదు, అనవలసిన అవసరమే రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మెట్ల దగ్గరికి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాను. ఒక్కటైనా ఆగిపోయి ఉంటే బాగుండేదనిపించింది. ఆవిడ కోరుకున్నది జరిగింది, అదే నాకు భరించరానిదయింది.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఇవన్నీ నేనే నేర్పుతున్నాను. బయటి నుంచి అందించే పద్ధతి ఎక్కడ వాడాలో, ఎక్కడ వద్దో అక్క చెప్పినట్టే చెబుతాను. ఇంత అవస్థ పడితే ఒరిగేదేమిటని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. అందించేవాళ్లు మారిపోయినా ఆ సంగతి తెరకు తెలియదు, అంటాను. నాకు మాత్రం రోజూ తెలుస్తూనే ఉంటుంది.